ముందు చక్రం, వెనక చక్రం

జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలారంటే మా దిండిలో ట్రాక్టర్లు పట్టీలు తొడుక్కుంటాయి. వెండి పట్టీలు కావు లెండి, ఇనపవి. వెనక టైరు పక్కన గుండ్రటి ఇనప చట్రం ఒకటి బిగిస్తారు. దాని చుట్టూ అడ్డంగా, వరసగా పలకలు వుంటాయి. పొలంలో దమ్ము చేసేటప్పుడు ఆ పలకలు మట్టిని కోసి, తిరగేసి, నీళ్ళతో కలిపి మినప్పిండిలా మెత్తగా చేసిపెడతాయి. కొందరు రబ్బరు టైరుని అసలు విప్పేసి దాని స్థానంలో పూర్తిగా ఇనపచక్రాన్నే ఎక్కిస్తారు. వీటన్నిటికీ కలిపి దమ్ముచక్రాలని పేరు. వశిష్ఠ గట్టు మీద కొబ్బరిచెట్ల నీడన నిలబడి చూస్తూంటే, వెనక చక్రాలు రెండూ బురదలో వీరంగం వేస్తూంటాయి. ముందు చక్రాలు మాత్రం అత్తవారింట కొత్తకోడలిలా, చెప్పినవైపు తల తిప్పుతూ సాగిపోతాయి.

పలకమీద ట్రాక్టరు బొమ్మ వెయ్యమంటే ఏ పిల్లవాడైనా ముందు చిన్న సున్నా, వెనక పెద్ద సున్నా చుడతాడు. కారు వెయ్యమంటే రెండూ ఒకటే సున్నాలు. ఎందుకలా? పాత అంబాసిడర్ కారులోనూ ఇంజను తిప్పేది వెనక చక్రాల్నే, ట్రాక్టరులోనూ వెనక చక్రాల్నే. మరి ఒకదానికి నాలుగూ సమానంగానూ, రెండోదానికి అంత ఎగుడుదిగుడుగానూ ఎందుకున్నాయి? పోనీ కార్లన్నిటికీ సమానమేనా అంటే అదీ కాదు. పరుగుపందేల జాతి కార్లుంటాయి చూడండి, రెండు సీట్లవి, నేలకి అతుక్కుపోయినట్టుండేవి. వాటిల్లో చాలావాటికి వెనక టైర్లు ముందువాటికన్నా బాగా వెడల్పు. కొన్నిటికి మాత్రం నాలుగూ ఒకటే కొలత. ఏది మంచిదన్న తగువు ఆ కార్లవాళ్ళ మధ్య ఇప్పటికీ తెగలేదు.

"చక్రాల గొడవ మనకెందుకమ్మా" అని పేజీ తిప్పెయ్యబోతున్నారు కదూ! ఒక్క నిమిషం ఆగండి. ప్రపంచంలో మొట్టమొదట మోటారుకారులో దూరప్రయాణం చేసిన మనిషి ఆడమనిషే. ఆవిడ దగ్గరకి వస్తాను. ముందు ఎద్దుబండి సంగతి చూద్దాం.

నిజానికి మా కోనసీమకి చక్రంతో పాత చుట్టరికం తక్కువే. ఇది నీళ్ళ దేశం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలొచ్చాయి. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలవనే వంతెనలా కట్టి, మా వైపు లంకకి నీళ్ళు దాటించారు. (ఇప్పుడున్న కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలన్నవాళ్ళకి వేళాపాళా చూడకుండా వండి వడ్డించిన తల్లి పేరు, పొలాలకి నీళ్ళు మోసే కట్టడానికి పెట్టాలని ఎవరికి తోచిందో గాని, మంచి బుద్ధి.) ధాన్యమూ కొబ్బరికాయలూ పడవల్లోనే వెళ్ళేవి. అవతలి గట్టుకి పోవాలంటే చించినాడ రేవులో పంటు ఎక్కడమే. వంతెన చాలాకాలానికి గాని రాలేదు. ఊళ్ళో తిరగడానికీ, చేలగట్ల మీద తిరగడానికీ మాత్రం రెండెడ్లబండి వుండేది.

ఆ బండికి మన సమస్యే లేదు. వున్నవే రెండు చక్రాలు, ముందూ లేదు, వెనకా లేదు. నడుమ కుండ, దాన్నించి ఆకులు, చుట్టూ పూటీలు, వాటిమీద ఎర్రగా కాల్చి బిగించిన ఇనపకట్టు. ఆ కట్టు వెడల్పు రెండు మూడు వేళ్ళకి మించదు. సన్నటి చక్రం కాబట్టి గట్టినేల మీద ఎద్దులకి తేలిగ్గా కదిలేది. కాని వానాకాలంలో అదే సన్నటి చక్రం కత్తిపీటలా రోడ్డుని కోసేది. ఒక బండి కోసిన గాడిలోనే రెండో బండీ పోయేది. నాలుగు రోజులకి ఆ గాడిలో ఇరుసు దాకా దిగబడేది.

ఈ గాడుల బాధ మనదొక్కరిదే కాదు. సరిగ్గా ఇదే తలనొప్పితో ఇంగ్లండులో ఏకంగా పార్లమెంటులో చట్టం చేశారు. 1753లో వచ్చిన ఆ చట్టం ప్రకారం, సుంకం వసూలు చేసే రోడ్ల మీద తిరిగే బరువు బళ్ళకి చక్రం తొమ్మిదంగుళాల వెడల్పు వుండాలి. లేకపోతే జరిమానా. వెడల్పు చక్రమైతే రోడ్డుని కొయ్యదు, చపాతీకర్రలా చదును చేస్తుందని వాళ్ళ ఆశ. అక్కడితో ఆగలేదు. ముందు ఇరుసుని పొట్టిగానూ, వెనక ఇరుసుని పొడుగ్గానూ పెట్టి, ముందు చక్రం నడిచిన జాడలో వెనక చక్రం నడవకుండా చేస్తే, బండి ఒక్కో పక్కా పదహారంగుళాల నేలని చదును చేస్తుంది. అలాంటి బళ్ళకి తరవాత సుంకంలో రాయితీ కూడా యిచ్చారు. చూశారా, ముందూ వెనకా చక్రాలు వేరువేరుగా వుండాలా అన్న ప్రశ్న కారు పుట్టకముందే పుట్టింది. అప్పుడది రోడ్డు కోసం. బండివాళ్ళకి మాత్రం ఆ తొమ్మిదంగుళాల చక్రం గుదిబండే. దాన్ని లాగడానికి అదనంగా గుర్రాలు కావాలి. గుర్రాలకి గుగ్గిళ్ళు పార్లమెంటు పెట్టదు కదా!

ఇక సినిమాల్లో జమీందారుగారి నాలుగుచక్రాల కోచిబండి చూసే వుంటారు. దానికీ ముందు చక్రాలు చిన్నవే. అందులో దర్జా ఏమీ లేదు. మలుపు తిరిగేటప్పుడు ముందు ఇరుసు మొత్తం గుర్రాలతో పాటు పక్కకి తిరగాలి. చక్రం పెద్దదైతే బండి పొట్టకి తగులుకుంటుంది. అందుకని చిన్నది చేసి పొట్ట కిందకి దూరేటట్టు పెట్టారు. అంతే సంగతి.

ఇంతవరకూ చెప్పిన చక్రాలన్నీ ఎవరో లాగితే తిరిగేవి. ముందు జంతువు లాగుతుంది, చక్రం బరువు మోస్తూ వెంట వస్తుంది. ఇంజను వచ్చాక అసలు మార్పు వచ్చింది. ఇప్పుడు చక్రమే నేలని పట్టుకుని వెనక్కి తన్ని, బండిని ముందుకి తొయ్యాలి. మోసే చక్రం వేరు, తోసే చక్రం వేరు. తోసే చక్రానికి నేలమీద పట్టు కావాలి. సబ్బునీళ్ళ గచ్చు మీద బరువు బల్లని జరపబోయి చూడండి, బల్ల కదలదు, మన కాళ్ళే జారతాయి. ఆ కాళ్ళ బాధే వెనక చక్రాల బాధ.

ఇప్పుడు నేను చెప్తానన్న ఆవిడ. పేరు బెర్తా బెంజ్. జర్మనీలో ఆవిడ భర్త కార్ల్ బెంజ్ 1886లో మోటారుబండికి పేటెంటు తీసుకున్నాడు. మూడు చక్రాల బండి. ముందు చిన్న చక్రం ఒకటి, వెనక పెద్దవి రెండు. ఇంజను వెనక, సైకిలుకి లాగే గొలుసుతో వెనక చక్రాలు తిరిగేవి. బండి వుంది గాని దాన్ని జనం నమ్మలేదు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని ఆవిడ మన్‌హైమ్ నించి ఫోర్జ్‌హైమ్‌లో వున్న పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైమాటే. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి బాగుచేసింది. ఇంధనం అయిపోతే మందులషాపులో కొనుక్కుంది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలుముక్క వేయించింది. ఎత్తు వచ్చిన చోట పిల్లలు దిగి తోశారు. వెనక చక్రాలకి తోసే బలం చాలలేదన్నమాట. తిరిగొచ్చాక ఆవిడ చెప్పినదాన్ని బట్టే, ఎత్తెక్కడానికి ఇంకో గేరు పెట్టారు. పుట్టింటికి పోవాలన్న పట్టుదల చేసిన మేలు ఇంతా అంతా కాదు!

1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డు తెచ్చిన మోడల్-టి కారుకి కూడా ముందు టైరు మూడంగుళాలు, వెనక టైరు మూడున్నర. తోసేదానికి అరంగుళం ఎక్కువ. కాని రెండు రకాల టైర్లంటే దారిలో పంచరైతే ఏది పట్టుకెళ్ళాలి? 1920ల నడిమికి వచ్చేసరికి ఆ కారుకీ నాలుగు చక్రాలూ ఒకటే అయ్యాయి. మామూలు కారు ఇంజను బలానికి అది చాలింది. మన అంబాసిడరూ, ఫియట్టూ ఆ దారినే వచ్చాయి. లారీలవాళ్ళ తెలివి ఇంకా ముచ్చటైనది. మీరు బస్సు ఎక్కేటప్పుడు ఎప్పుడైనా గమనించారా? ముందు ఒక్కో పక్కా ఒకటే టైరు, వెనక ఒక్కో పక్కా జంట టైర్లు. వెనక వెడల్పు రెండింతలూ అయింది, టైర్లన్నీ ఒకటే కొలతా అయ్యాయి. ఇంటికొచ్చిన చుట్టాలకి రెండు రకాల కూరలు వండలేక ఒకటే రెండుసార్లు వడ్డించినట్టు!

ట్రాక్టరుకి ఆ సర్దుబాటు కుదరలేదు. దాని కింద వున్నది రోడ్డు కాదు, దుక్కి. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరుకి ఇనపచక్రాలే. పొలంలో బాగానే వుండేది గాని రోడ్డెక్కితే రోడ్డూ పాడు, నడిపేవాడి నడుమూ పాడు. 1932లో అలిస్-చామర్స్ అనే అమెరికా కంపెనీ ట్రాక్టరుకి గాలి టైర్లు వేసింది. రైతులు నమ్మలేదు, రబ్బరు పొలంలో ఏం నిలుస్తుందన్నారు. వాళ్ళని నమ్మించడానికి కంపెనీ చేసిన పని వింటే నవ్వొస్తుంది. ట్రాక్టర్లకి పరుగుపందేలు పెట్టింది! బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అని పేరుమోసిన రేసుకార్ల డ్రైవరు, 1933లో ట్రాక్టరుని గంటకి 64 మైళ్ళ వేగంతో తోలాడు. పట్టుకి బురదలో ఇనుము, రోడ్డుమీద రబ్బరు అన్న పంపకం అక్కడినించే గట్టిపడింది. మా దిండిలో ఇప్పటికీ ఆ పంపకం పూర్తిగా తెగలేదు. దమ్ముచక్రాలతో తారురోడ్డు ఎక్కొద్దని అధికారులు చెబుతూనే వుంటారు. ఒక చేలోంచి ఇంకో చేలోకి పోవడానికి వాటిని విప్పి, మళ్ళీ బిగించడమంటే పూట గడిచిపోతుందని రైతూ అంటూనే వుంటాడు. కోసిన చారలు మాత్రం వానాకాలమంతా రోడ్డు మీద వుంటాయి.

మా నాన్నగారికి ట్రాక్టరు వుండేది. వెనక చక్రాలు ఎందుకంత పెద్దవని నేను అడిగితే ఆయన బలం గురించి చెప్పలేదు, భయం గురించి చెప్పారు. ట్రాక్టరు బరువులో ఎక్కువ భాగం వెనకే వుంటుంది. దున్నేటప్పుడు నాగలి లాగే లాగుకి ఇంకొంచెం బరువు వెనక్కి వస్తుంది. ఆ బరువంతా మోస్తూ తొయ్యాలి కాబట్టి అంత చక్రం. వెనక చక్రాలు బురదలో పూర్తిగా దిగబడి ఇక తిరగలేని స్థితి వచ్చిందనుకోండి. ఇంజను బలం ఎటో ఒకటి పోవాలి కదా? చక్రం తిరగకపోతే ఆ ఇరుసు చుట్టూ ట్రాక్టరే తిరుగుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. రెప్పపాటులో బండి వెనక్కి తిరగబడి తోలేవాడి మీద పడుతుంది. అందుకే దిగబడ్డ చక్రానికి దుంగ కట్టి బయటికి లాగబోతే మా నాన్నగారు కేకలేసేవారు. "ఆయ్, ఒక్కసారండి, వచ్చేస్తాదండి" అని మా డ్రైవరు ఎంత బతిమాలినా వినేవారు కాదు. ఇంకో ట్రాక్టరు తెచ్చి ముందునించి లాగించవలసిందే. ట్రాక్టరు ముక్కుమీద ఇనపదిమ్మలు తగిలిస్తారు, చూశారా? అవి అలంకారం కాదు. ముక్కు పైకి లేవకుండా వేసిన బరువు.

ఈ ట్రాక్టరు చక్రం నించి పరుగుపందేల కారు చక్రానికి వంతెన వేసినవాడు ఒక ఇటలీ రైతుబిడ్డ. ఫెరూచియో లాంబోర్గిని. ద్రాక్షతోటల కుటుంబంలో 1916లో పుట్టాడు. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన సైన్యం బళ్ళ సామాన్లు కొని వాటితో ట్రాక్టర్లు చేసి, 1948లో కంపెనీ పెట్టాడు. డబ్బొచ్చింది, ఖరీదైన కార్లు కొన్నాడు. కొన్న ఫెరారీలో క్లచ్చి బాగాలేదని చెప్పబోతే, ట్రాక్టర్లవాడివి నీకేం తెలుసన్నట్టు మాట్లాడారనీ, ఆ పంతంతోనే తను కార్లు మొదలుపెట్టాడనీ కథ చెప్పుకుంటారు. పంతమో, వ్యాపారమో, 1963లో కార్ల కంపెనీ పెట్టాడు. గుర్తు ఎద్దు. ఆయనది వృషభరాశి లెండి! మా ఊళ్ళో ట్రాక్టరు వచ్చి ఎద్దుని కొట్టంలోంచి పంపేస్తే, అక్కడ ట్రాక్టర్లవాడు ఎద్దుని తెచ్చి కారు ముక్కుమీద కూచోబెట్టాడు.

1966లో ఆ కంపెనీ నించి మియురా అనే కారు వచ్చింది. స్పెయిన్‌లో పోట్లాట ఎద్దుల్ని పెంచే ఒకాయన ఇంటిపేరది. పన్నెండు సిలిండర్ల ఇంజను సీట్ల వెనక అడ్డంగా పెట్టారు. అది తిప్పేది వెనక చక్రాల్ని. అందమంటే అందం. ముందు దీపాల చుట్టూ నల్లటి కనురెప్పవెంట్రుకల్లాంటి గీతలు కూడా వుండేవి, కాటుక పెట్టినట్టు. విచిత్రమేమిటంటే, ట్రాక్టర్లు చేసిన ఆ మనిషి కారుకి చక్రాలు నాలుగూ సమానమే, ఏడేసి అంగుళాలు. మామూలు వేగంలో పరవాలేదు. కాని పెద్ద వేగంలో ముక్కు తేలిపోతుందనీ, మలుపులో వెనకభాగం అదుపు తప్పుతుందనీ తోలినవాళ్ళు చెప్పుకున్నారు. అయిదేళ్ళు ఓపిక పట్టి, 1971లో ఎస్.వి. అనే రకం తెచ్చారు. దానికి వెనక చక్రాలు తొమ్మిది అంగుళాలు. వాటిని కప్పడానికి వెనక నడుము కూడా వెడల్పు చెయ్యవలసొచ్చింది. ఆ కారుకి కనురెప్పవెంట్రుకలు తీసేశారు. నాకు మాత్రం పాతదే అందంగా వుంటుంది, నడపమంటే కొత్తదే ఎక్కుతాను. 1978 నాటి కౌంటాష్ దగ్గరికి వచ్చేసరికి ముందు టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు, వెనకది 345. అప్పటికే లాంబోర్గినిగారు కంపెనీ అమ్మేసి, ఊళ్ళో ద్రాక్షతోట వేసుకుని కూచున్నారు.

పోర్షే కంపెనీవాళ్ళ 911 కారు కథ ఇంకో రకం. దానికి ఇంజను వెనక ఇరుసుకి కూడా వెనక, తోకలో వుంటుంది. మొదట్లో నాలుగు చక్రాలూ ఒకటే. మలుపులో కంగారుపడి కాలు యాక్సిలరేటరు మీంచి తీస్తే తోక గిర్రున ముందుకి వచ్చేసేది. నెత్తిమీద బిందె వున్నవాళ్ళు చటుక్కున ఆగి పక్కకి తిరిగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఒక దశలో వాళ్ళూ ముందు బంపరులో ఇనపదిమ్మలు దాచారు, అచ్చం మా ట్రాక్టరులాగే! 1973 కరేరా ఆర్.ఎస్.కి వచ్చేసరికి ముందు చక్రం ఆరంగుళాలు, వెనకది ఏడు చేశారు.

వెనక వెడల్పు పెంచితే తోక నిలకడగా వుంటుంది, నిజమే. ఊరికే రాదు మరి. మలుపులో ముందు చక్రాలు ముందుగా ఓడిపోతాయి. స్టీరింగు తిప్పినా కారు తిన్నగా పోతానంటుంది. మామూలు మనిషికి ఇదే కొంత మేలు. తోక జారినప్పుడు సర్దుకోవడం కన్నా, బ్రేకు తొక్కి వేగం తగ్గించుకోవడం సులువు. ఇంకో సంగతి కూడా వుంది. వెడల్పు టైరైతే నేలకి ఎక్కువ తగులుతుందని అనుకుంటాం. గరిటెడు పిండిని గుండ్రంగా పోసినా పొడుగ్గా పోసినా అట్టు అంతే కదా? గాలి ఒత్తిడీ, బరువూ ఒకటే అయితే నేలకి తగిలే చోటూ దాదాపు అంతే. వెడల్పు టైరుకి ఆ చోటు అడ్డంగా పరుచుకుంటుంది, సన్నటి టైరుకి నిలువుగా. పొడి రోడ్డు మీద, మలుపులో అడ్డంగా వున్నది మంచిది. వానలో నీళ్ళని చీల్చుకుపోవడానికి నిలువుగా వున్నది మంచిది. వెడల్పు టైరు నీళ్ళమీద త్వరగా తేలిపోతుంది. శ్రావణమాసంలో దిండి నించి రాజోలు పోయే రోడ్డు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఇదంతా నేను కూచుని చదవడానికి కారణం మా అన్నయ్య కూతురు. టెక్సాసులో వుంటుంది. మాజ్దా మియాటా అనే చిన్న రెండుసీట్ల కారు కొనుక్కుంది, వెనక చక్రాలతో నడిచేది. 1989లో మొదటిసారి వచ్చినప్పటినించీ ఆ కారుకి కంపెనీ నాలుగు చక్రాలూ ఒకటే కొలత వేస్తోంది. "అత్తా, వెనకవి వెడల్పువి వేయిస్తే ఎంత బావుంటుందో తెలుసా? షాపువాడు ఫోటో చూపించాడు" అంది ఫోనులో. బావుంటుందని నాకూ తెలుసు. మా నాన్నగారు పక్కనే వున్నారు. ఫోను తీసుకుని, "వెనక బరువెంతుందే అమ్మాయ్?" అన్నారు. ముందు సగం, వెనక సగం అంది. "ఇంజను పెద్దదా?" చిన్నదే అంది. "మరి దేనికే?" అని ఫోను నా చేతికిచ్చేసి కాఫీ తాగడంలో పడ్డారు.

అది వారం రోజులు ఆలోచించింది. కారుకి వున్న చురుకుదనం ఆ సమానత్వంలోనే వుందనీ, వెనక ఒక్కదాన్నే వెడల్పు చేస్తే మలుపులో కారు మొద్దుబారుతుందనీ అక్కడి స్నేహితురాలు కూడా చెప్పిందట. చివరికి నాలుగూ పాత వెడల్పులోనే, కాస్త మంచి రబ్బరున్నవి వేయించింది. ఖర్చు విషయంలోనూ అదే తేలిక. ఈ రకం కారులో తోసే టైర్లే సాధారణంగా ముందుగా అరుగుతాయి. నాలుగూ ఒకటైతే ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చుకోవచ్చు. పట్టుచీరని ఒకటే మడతలో వుంచేస్తే ఆ మడత దగ్గర చిరుగుతుందని మనం అప్పుడప్పుడు మడత మార్చి పెట్టుకోమూ? వేరువేరు వెడల్పులున్నవాళ్ళకి ఆ వీలు లేదు, వెనకవి అరిగినప్పుడల్లా వెనకవి కొనాల్సిందే. ఇది మాత్రం అయిదువేల మైళ్ళకోసారి చక్రాలు మార్పిస్తోంది. మొన్న మార్పించినప్పుడు వెనకవే ఎక్కువ అరిగాయని ఫోటో తీసి తాతగారికి పంపింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోని పెద్దది చేసి చూసి, గాలి కూడా కొంచెం తక్కువ కొట్టించినట్టుందని చెప్పమన్నారు.